నాలుగు నిమిషాల హాల్టు

ఆగస్టు 3, ఆదివారం

ఒళ్ళు మండిపోతోంది. కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. దీన్ని నేను తప్ప ఎవరూ తెరవరు.

ఈయన రిటైరై రెండు నెలలైంది. ఇరవై ఎనిమిదేళ్ళు బస్ డిపోలో కంట్రోలర్. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో చెప్పడమే ఉద్యోగం. ఇప్పుడు డిపో లేదు, బస్సుల్లేవు, నేనున్నాను. ఇద్దరం మొదటిసారి విదేశం వెళ్తున్నాం. ఎనిమిది రోజులు, నాలుగు సిటీలు, ఊరికీ ఊరికీ మధ్య అన్నీ రైళ్ళే. పొద్దున్నే బీరువా తలుపుకి చార్టు అంటించాడు. రైళ్ళు ఎర్ర ఇంకు, హోటళ్ళు నీలం. కాఫీ పది నిమిషాలు, బాత్‌రూం ఐదు. పైన "సిబ్బంది: 2" అని రాశాడు. ఈయన కింద నేనెప్పుడు డ్యూటీలో చేరానో నాకే తెలీదు.

ఆగస్టు 4, సోమవారం

నేనడిగింది ఒక్కటే. ఒక్క పూట.

నా కుట్టుమిషనుకి కాలితో తొక్కే ఇనప పలక మీద ఒక ఊరి పేరు ఉంటుంది, పోత అక్షరాల్లో. ఇరవై ఆరేళ్ళుగా ఆ పేరు మీద కాళ్ళు పెట్టి స్కూలు యూనిఫాంలు కుడుతున్నాను. నా మడమ ఆనే చోట రెండక్షరాలు అరిగిపోయాయి కూడా. ఆ ఊరు నిజంగా ఉంది. మా చార్టులో రెండో సిటీకీ మూడో సిటీకీ మధ్యే ఉంది. మిషన్లు చేసిన ఫ్యాక్టరీని ఇప్పుడు మ్యూజియం చేశారట. మంగళవారం మాత్రమే తీస్తారు, పదకొండు నుంచి నాలుగు దాకా. మేం ఆ దారిన వెళ్ళేదీ మంగళవారమే.

ఈయన నవ్వాడు. కుట్టుమిషను చూడ్డానికి అంతదూరం దేనికి, ముందుగదిలో ఉందిగా, చూసుకో అన్నాడు. అక్కడితో ఆగాడా, సాయంత్రం వాళ్ళక్కయ్యకి ఫోన్ చేసి మళ్ళీ చెప్పి మళ్ళీ నవ్వాడు. స్పీకర్ ఆన్‌లోనే ఉంది. వదిన కూడా పగలబడి నవ్వింది. నేను వంటింట్లో నిలబడి విన్నాను. ఆ మిషను లేకపోతే ఈ ఇల్లు ఎలా నడిచేదో ఇద్దరికీ తెలుసు.

ఆగస్టు 5

ఈయన కాఫీ ఇరవై నిమిషాలు ఆలస్యంగా ఇచ్చాను.

ఆగస్టు 10, ఆదివారం

చార్టులో పెన్సిలుతో కొత్త లైను. ఆ ఊరి పేరు, పక్కన "హాల్టు 4 ని. కిటికీలోంచి చూడవచ్చు."

రాసేసి, ఏదో వరమిచ్చినట్టు నా మొహంలోకి చూశాడు. స్టేషను ఎడమవైపు వస్తుందట, అందుకని ఎడమ సీటు నాకిస్తాడట. కత్తెర బల్లకేసి కొట్టాను. గుడ్డ వంకరగా తెగింది. మూడో తరగతి పిల్లకి గౌను కురచ అవుతుంది. ఆ ఉసురు ఈయనకే తగలాలి.

ఆగస్టు 22, శుక్రవారం

టికెట్లన్నీ మా పెద్దది ఫోన్‌లో బుక్ చేస్తోంది. మంగళవారం జంక్షన్‌లో రైలు మారడానికి ఆరే నిమిషాలు ఉన్నాయి, చాలదేమో నాన్నా, అంతకుముందు రైలు ఎక్కకూడదా అని అడిగింది. ఈయనకి ఎక్కడలేని కోపం వచ్చింది. ఒక బండి దిగి ఇంకోటి ఎక్కే లింకు ఉన్నాక రెండో బండి ఎక్కడికి పోతుందన్నాడు. నువ్వు పుట్టకముందు నుంచీ టైంటేబుళ్ళు వేస్తున్నానన్నాడు. పెద్దది నావైపు చూసింది. నేను బొత్తాలు కుడుతూ కూర్చున్నాను. నాకేం పట్టింది.

సెప్టెంబరు 2, మంగళవారం

చేసేశాను.

పెద్దదానింటికి వెళ్ళి ఆ ఊరి నుంచి మూడో సిటీకి సాయంత్రం 5:40 రైలుకి టికెట్ బుక్ చేయించాను. ఒక్కటే. హాల్టు రాగానే హ్యాండ్‌బ్యాగ్ తీసుకుని దిగిపోతాను. సూట్‌కేసులూ చార్టూ ఈయన మోసుకుపోతాడు. సాయంత్రం రైల్లో వెళ్ళి హోటల్లో కలుసుకుంటాను. నాన్నకి చెప్పమ్మా అంది పెద్దది. బండి కదిలాక చెయ్యి ఊపుతూ చెప్తానన్నాను. అది నవ్వలేదు.

ఇంటికొచ్చాక భయమేసింది. పక్క ఊరికి కూడా ఒక్కదాన్నే వెళ్ళిన మనిషిని కాను. వదిన నవ్వు గుర్తొచ్చింది. భయం పోయింది.

సెప్టెంబరు 12

సర్దడం అయింది. ఈయన సూట్‌కేసులకి కూడా నంబర్లు వేశాడు.

సెప్టెంబరు 15, సోమవారం, హోటల్

రెండో సిటీ. నది ఉంది, మంచి వంతెన ఉంది. దానికి ఇరవై నిమిషాలు కేటాయించాడు, పదిహేడో నిమిషానికే పద పద అని మొదలుపెట్టాడు. సగం వంతెన నేను చూడనే లేదు. పోనీ. రేపు 11:31కి హాల్టు. టికెట్ మడతపెట్టి పర్సు లోపలి అరలో పెట్టుకున్నాను.

సెప్టెంబరు 16, మంగళవారం, 10:20, జంక్షన్

బండి పోయింది.

మా మొదటి రైలు నాలుగు నిమిషాలు లేటు. రెండు నిమిషాల్లో మెట్లు దిగి, సబ్‌వే దాటి, మళ్ళీ మెట్లెక్కి, రెండు సూట్‌కేసులతో పరిగెత్తాం. తలుపు మా మొహం మీదే మూసుకుంది. గార్డు మమ్మల్ని చూశాడు. చూసి మరీ విజిల్ వేశాడు. ఇక ఆ ఊళ్ళో ఆగే తర్వాతి రైలు ఎక్కితే చేరేసరికి నాలుగున్నర. నాలుగింటికి మూసేస్తారు.

ప్లాట్‌ఫాం మీద అందరి ముందూ అరిచాను. నోటికి ఎంతొస్తే అంత. ముప్పై ఏళ్ళుగా అననివన్నీ అన్నాను. పర్సులోంచి టికెట్ తీసి మొహం ముందు పెట్టి, మిమ్మల్ని వదిలేసి దిగిపోదామనే వచ్చానని చెప్పేశాను.

ఈయన టికెట్ వంక చూశాడో లేదో. సూట్‌కేసు మీద కూలబడ్డాడు. అతను మనల్ని చూశాడే, అన్నాడు. రెండుసార్లు అదే మాట. జనాన్ని తెచ్చే లింకు బస్సు రాకపోతే చివరి బస్సుని పావుగంట, ఇరవై నిమిషాలు ఆపేసేవాణ్ణని, పైనుంచి మెమోలు ఇచ్చినా ఆపేవాణ్ణని, పరిగెత్తుకొస్తున్న మనిషిని చూస్తూ బండి ఎలా తీస్తారో తనకి అర్థం కావట్లేదని అన్నాడు.

మెమోల సంగతి నాకు ఇవాళే తెలిసింది. ఆరు నిమిషాలు పొగరుతో పెట్టాడనుకున్నాను. ఆగుతారనుకుని పెట్టాడు. జాలేసింది. జాలేసినందుకు ఇంకా మండింది.

11:05

లేచి ఎటో వెళ్ళాడు. సూట్‌కేసుల దగ్గర నేనొక్కదాన్నే.

11:40

వచ్చాడు. స్టేషను వెనక బస్టాండు ఉందట. చార్టు వెనకవైపు ఎవరిచేతో రాయించుకొచ్చాడు. 12:35కి బస్సు, 3:20కి ఆ ఊరు. భాష రాకుండా ఎలా అడిగాడో మరి. టికెట్లు రెండు తెచ్చాడు. తనకెందుకని నేనడగలేదు.

2:10, బస్సు

కిటికీలోంచి బయటికి చూస్తూ, ఆ రోజు నవ్వడం తప్పే అన్నాడు. ఆ మాట మీ అక్కయ్యకీ చెప్పండి, స్పీకర్ ఆన్ చేసి, అన్నాను. సరే అన్నాడు. సగం కోపమే పోయింది. మిగతా సగం ఇంటికెళ్ళాక చూసుకుంటాను.

4:10, లోపల

నాలుగింటికి గంట కొట్టారు. లైట్లు ఇంకా ఆర్పలేదు. బయట గేటు దగ్గర ఈయన, ఇంకో ఇరవై నిమిషాలు ఆపమని మన భాషలోనే గట్టిగా వాదిస్తుండడం వినిపిస్తోంది. నేను నాలుగో గదిలోకి వెళ్తున్నాను.