ఇరవై మూడు చీటీలు, ఒక్క చెయ్యి

డాక్టరమ్మ గారికి, మార్కెట్లో ఉల్లిపాయలమ్మే ఆవిడ నమస్కరించి రాసుకునేది.

హైస్కూలు వదిలాక కలం పట్టడం ఇదే మొదలు. రోజూ ప్రార్థనకు కూర్చుంటే ఒక మాట గొంతుకు అడ్డం పడుతోంది, అందుకే రాస్తున్నాను. బీపీ ఎక్కువున్నవాళ్ళకు వచ్చే ఏడాది మార్కెట్లో చోటు ఉండదని మా కమిటీ పెద్ద రూలు పెట్టాడు. మీ నర్సమ్మ ఆడవాళ్ళకు మరుగని కట్టిన తెర వెనక కూర్చుని, దాని కన్నంలోంచి చాచిన చేతులకు పట్టీ చుట్టి చూసింది. మా ఆడవాళ్ళ వరుసలో ఇరవై ముగ్గురికీ అటూ ఇటూగా 178/110 అని చీటీలొచ్చాయి. అమ్మా, ఇరవై ఇద్దరి తప్పేమీ లేదు. వాళ్ళ పొట్ట కొట్టకండి.

విధేయురాలు.

తా.క. ఆ రోజు జరిగిందంతా మంచి మనసుతోనే జరిగింది.

*

అమ్మా,

వరుసంతటికీ ఒకే అంకె రావడం నేనెక్కడా వినలేదు. తప్పు మీది కాదు, నీళ్ళది అయ్యుండాలి. మీ మార్కెట్ కుళాయికి ఈరోజే సీలు వేయించాం. ఇరవై మూడు మాత్రల పొట్లాలు పంపుతున్నాం.

ఇట్లు, డాక్టరు.

తా.క. అందరికీ మోచేతి పక్కన పుట్టుమచ్చ ఉందని నర్సు రాసింది. మీరంతా ఒక తల్లి పిల్లలా?

*

డాక్టరమ్మ గారికి నమస్కారాలు.

కుళాయిని వదిలేయండి, పాపం. ఆ చెయ్యి నాది. ఇరవై మూడుసార్లూ నాదే. మావాళ్ళంతా నోరున్నవాళ్ళు. "నీకు కోపమే రాదు, నీకు బీపీ ఎక్కడిదక్కా? కాస్త నా బదులు చెయ్యి పెట్టు, పుణ్యముంటుంది" అని టమాటాల చెల్లెలు మొదలెట్టింది. సాయమడిగితే కాదనడం నాకు చేతకాదు. అన్నిసార్లు చాచి చాచి చెయ్యి అలిసిపోయి ఆ అంకె వచ్చిందేమో.

మీ క్షమ కోరే, ఉల్లిపాయల ఆవిడ.

తా.క. పొట్లాలన్నీ నా ఒళ్ళో పోసి "నీ చేతికొచ్చినవి, నువ్వే మింగు" అన్నారు. ఇరవై మూడూ ఒకేసారి మింగాలా, అన్నం తిన్నాకా?

*

అమ్మా, ఒక్కటే! రోజుకి ఒక్కటే! ఈ ఉత్తరం తెచ్చిన మనిషితోనే బయల్దేరి రండి.

మొదటి చీటీ చూశాను. మీ చెయ్యి అలిసిపోకముందే 178. కోపం రానివాళ్ళకు బీపీ రాదని ఎవరు చెప్పారు? తలనొప్పైనా లేకుండా ఏళ్ళ తరబడి లోపలే ఉంటుంది, ఒకరోజు మనిషిని పడగొడుతుంది. తెర తీసేస్తున్నాం. ఈసారి అందరూ మొహాలతో సహా రావాలి, కమిటీతో సహా.

ఇట్లు, కంగారులో, డాక్టరు.

తా.క. కుళాయి సీలు వేయడానికి ఒక సంతకం పట్టింది. తీయడానికి మూడు కావాలట.

*

డాక్టరమ్మ గారికి, మీ చలవతో బతికున్న మనిషి రాసేది.

నెల నుంచి మాత్ర మానలేదు, నిన్న 128/82. టమాటాల చెల్లెలికి నూట ఇరవయ్యే వచ్చింది. ఆ సంగతి మార్కెట్టంతా వినేలా అరిచింది. వరుసలో ఇంకో ముగ్గురికి ఎక్కువుందని తేలింది. కమిటీ పెద్దకు 190.

తన రూలుతో తన కుర్చీకే ఎసరొచ్చింది. సాయంత్రం నేను గోనెసంచులు మడుస్తుంటే వచ్చి, గొంతు తగ్గించి, "అక్కా, నీ చెయ్యి ఇప్పుడు బాగుందటగా? తెర మళ్ళీ నేను కట్టిస్తాలే" అన్నాడు.

యాభై ఏళ్ళలో మొదటిసారి గొంతెత్తాను. "నా చెయ్యి ఇవ్వను తమ్ముడూ! ముందు ఆ రూలు చింపు, తర్వాత వెళ్ళి మాత్ర తెచ్చుకో!"

వరుసంతా లేచి నిలబడింది. చింపాడు.

ఎప్పటికీ మీ, ఉల్లిపాయల ఆవిడ.

తా.క. అలా అరిచినందుకు క్షమించమని దేవుణ్ణి అడిగాను గానీ, మనసారా అడగలేదు. అది బయటపడకుండా ఈ ఉత్తరాలు మీ బీరువాలో దాచండమ్మా, ఎవరికీ చూపించకండి.