ఒక్క చెవికే వినపడే రేడియో

కళింగపట్నం, 14-8-68

లీలారాణికి, నా జ్వరం తగ్గిపోయినాది, బెంగెట్టుకోకు.

సబ్బుపెట్టెలో నేను కడతన్న రేడియో ఆదివారం పలికినాది. ఒక్క చెవికే వినపడతాది. నీకిద్దామంటే నువ్వు లేవు. ఇంటామె తవిటమ్మ "ఏటి బాబూ అది?" అంటే దాని ఇయర్‌ఫోను ఆమె చెవిలో పెట్టినాను. వార్తలొస్తన్నాయి. అయ్యేదాకా కదల్లేదు.

"మా ఆయన పోయినాక నా సెవి కాడ ఎవలూ ఇంతసేపు మాటాడనేదు" అన్నాది. పెట్టె ఆమెకే ఇచ్చేసినాను.

పాపకి పాలు సరిపోతన్నాయా? నువ్వు ఉత్తరం రాసి ఇరవై రోజులైనాది, ఏం? ఏసమ్మత్తకి వందనాలు. దేవుడు మీకు తోడుండాలి.

పురుడికెళ్లి నాలుగు నెలలు దాటినాది, ఈ నెలాఖరుకి వచ్చెయ్. పాప ఏడిసి నిద్ర చెడగొడతాదని ఆగకు. నాకు ఆ ఏడుపు వినాలనున్నాది.

జ్ఞానానందం