వేళ్లతో చదివిన వాక్యం

అమ్మా,

నీ ఉత్తరం మంగళవారం చేరింది. ఇక్కడ నీ అల్లుడూ నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. నువ్వూ తమ్ముడూ మరదలూ అక్కడ అలాగే ఉన్నారని తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు కాబట్టి నమ్ముతున్నాను. ఒంట్లో బాగానే ఉన్నానన్నాను గానీ, నాలుగు రోజులుగా తల మీద ఎవరో మొత్తినట్టుంది. ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చుగా అంటావు. ఫోన్‌లో అయితే నేను వాదిస్తాను, నువ్వు విసుగొచ్చి "సర్లే" అంటావు, నేను గెలిచాననుకుంటాను. అందుకని కాగితం తీశాను.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. కళ్లజోడు మార్చాను. నీ అల్లుడు బడిలో ఇంకా భూగోళమే చెబుతున్నారు, ఇంట్లో ఇంకా మాట్లాడడం మొదలుపెట్టలేదు. పుస్తకం ఎప్పుడొస్తుందన్నావు. వచ్చే నెలని ఊరందరికీ చెప్పాను, ఇప్పుడు నాకే తెలియదు. కొత్త కంప్యూటర్ మాట వింటోందా అన్నావు. కంప్యూటర్ పాతదేనమ్మా, దాన్ని లోపలినుంచి నడిపించే సిస్టమ్ మాత్రం మార్చాను. ఈ ఉత్తరమంతా ఆ గొడవే. ఇక, మన టకటక ఎలా ఉందన్నావు. పత్రిక ఆఫీసులో టైపు చేసే అమ్మాయికి నువ్వు పెట్టిన పేరే అందరికీ అలవాటైపోయింది. ఆమె సంగతి కిందకి వెళ్లాక రాస్తాను. అందాకా కోపం తెచ్చుకోకు.

మూడు నెలల కిందట ఒక ఉదయం ఆఫీసులో కంప్యూటర్ తెరిస్తే తెర నిండా ఒక నోటీసు. ఈ సిస్టమ్‌ని ఇక మేం పట్టించుకోం, మీ యంత్రం మా కొత్తదానికి సరిపోదు, వేరేది కొనుక్కోండి అని దాని సారాంశం. తొమ్మిదేళ్ల యంత్రం, ఒక్కరోజు మొరాయించింది లేదు. పనిచేస్తున్నదాన్ని పనికిరాదని చెప్పే హక్కు, దాన్ని కళ్లతో చూడనైనా చూడనివాడికి ఎవరిచ్చారు? నాకు ఒళ్లు మండిపోయింది. ఆ నెల సంపాదకీయం దానిమీదే రాశాను, నాలుగు పేజీలు. రాసి ఊరుకుంటే నేనెందుకవుతాను? కంప్యూటర్ మెకానిక్‌ని పిలిచి, ఉన్నది తుడిచేసి లైనక్స్ వేయమన్నాను. అది ఎవడి సొత్తూ కాదమ్మా. ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, వాడుకోండని అందరికీ వదిలిపెట్టిన సిస్టమ్. నేను ముప్పయ్యేళ్లుగా అరుస్తున్నది ఇలాంటి దాని గురించే కదా.

ఆ మెకానిక్ నా ఈడువాడే. బట్టతల, మాట తక్కువ. "పాత ఫైళ్లు ఇందులో తెరుచుకుంటాయో లేదో ముందొకసారి చూద్దామండి" అన్నాడు. స్వేచ్ఛకి ముందే షరతులు పెట్టేవాళ్లవల్లే ఏ మార్పూ రావడం లేదని అతనికి పది నిమిషాలు పాఠం చెప్పాను. మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను. మూడోసారి "మీ ఇష్టమండి" అని తుడిచేశాడు.

ఫైళ్లన్నీ ముందే విడిగా ఒక డిస్కులో దాచాడు, ఒక్కటీ పోలేదు. కానీ తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు. ఇంగ్లీషు అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు, తలకిందులుగా వేలాడే ప్రశ్నార్థకాలు. పేజీల కొద్దీ అంతే. తర్వాత మెకానిక్ విడమరిచి చెప్పాడు. మన పాత ఫైళ్లలో ఉన్నది నిజానికి తెలుగు కాదట. లోపల ఉండేది ఇంగ్లీషు మీటల గుర్తులే, వాటికి తెలుగు రూపం తొడిగే అక్షరాల సాఫ్ట్‌వేర్ ఒకటి పాత సిస్టమ్‌తో పాటే చెరిగిపోయింది. అది అమ్మిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. వేరే సాఫ్ట్‌వేర్లతో మార్చి చూస్తే వత్తులన్నీ ఒక మూలకీ, గుణింతాలన్నీ ఇంకో మూలకీ చేరి, పేచీపడ్డ ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ విడిపోయినట్టు కూర్చున్నాయి.

పుస్తకంలో ముప్పై వ్యాసాలు. ఇరవై తొమ్మిదింటికి అచ్చయిన పాత సంచికలున్నాయి, చూసి మళ్లీ టైపు చేసుకోవచ్చు. లేనిది ఒక్కటే, పుస్తకానికి పేరిచ్చిన వ్యాసం, "ఊడవని రోజు". ఆ సంచిక మొత్తం అమ్ముడుపోయింది. ఆఫీసు కాపీని ఒక పెద్దమనిషి రెండ్రోజుల్లో ఇస్తానని పట్టుకెళ్లి తొమ్మిదేళ్లయింది. అందులోని వాక్యం నీకు తెలుసు, నీకే కాదు అందరికీ తెలుసు. "ఊడ్చిన ఇల్లు ఎవరికీ కనబడదు, ఊడవని రోజే కనబడుతుంది." పారిశుధ్య కార్మికులు సమ్మె చేసినప్పుడు గోడలమీద రాశారు. నన్ను ఏ సభకి పిలిచినా ఆ వాక్యం చదివాకే నా పేరు చదువుతారు.

ఇప్పుడు నీ దగ్గర దాచిన సంగతి. టకటకని పనిలోంచి తీసేశానమ్మా. లైనక్స్ వేయించిన వారానికే. ఫోన్‌లో మాట్లాడితే అదే తెలుగు కొట్టేస్తోంది కదా, ఇక మనిషెందుకు అనిపించింది. పంతొమ్మిదేళ్లు పనిచేసిన మనిషి. మిల్లు గేట్ల ముందు నిలబడి, ఒక్క నోటీసుతో మనుషుల్ని రోడ్డున పడేయడం గురించి ఎంత రాశానో, ఎంత అరిచానో నీకు తెలుసు. నేను నోటీసు కూడా ఇవ్వలేదు. రేపట్నుంచి రానక్కర్లేదని ఫోన్ చేశాను. "సరే మేడమ్" అంది. అక్కా అని పిలవమని మొదటిరోజే చెప్పాను, ఎప్పుడూ పిలవలేదు. ఆ "సరే" విని, ఆమెకీ సమ్మతమే అనుకుని ఫోన్ పెట్టేశాను.

మెకానికే అన్నాడు, "టైపు కొట్టినావిడని అడగండి" అని. ఇప్పుడామె రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట ఒక జిరాక్స్ షాపులో అద్దె ఒప్పందాలు టైపు చేస్తోంది. శుక్రవారం వెళ్లాను. నన్ను చూసి "జిరాక్సా మేడమ్?" అంది. ఎగతాళి కాదు, నిజంగానే అడిగింది. ఆ పిచ్చి గుర్తుల పేజీలు కౌంటరు మీద పెట్టాను.

ఆమె కాసేపు చూసింది. తర్వాత రెండు చేతులూ కౌంటరు చెక్కమీద, కీబోర్డు ఉన్నట్టే ఆనించింది. కళ్లు కాగితం మీద, వేళ్లు చెక్కమీద. ఒక్కో గుర్తుకీ ఒక్కో వేలు కదిలేది, కదిలాక ఆ అక్షరం పలికేది. చిటికెన వేలు, మళ్లీ చూపుడు వేలు, "ఇది వ, దీనికింద వత్తు." పది నిమిషాల్లో వేగం అందుకుంది. ఆ వేగానికి నా పెన్ను సాగలేదు. పంతొమ్మిదేళ్లు నేను రాసింది ఆమె కొట్టింది, ఆరోజు ఆమె చెబుతుంటే నేను రాసుకున్నాను.

"ఇంత ఇంగ్లీషు నీకెలా వచ్చు?" అన్నాను. తెలివితక్కువ ప్రశ్న.

"నాకు రాదు మేడమ్. వేళ్లకి వచ్చు."

మధ్యలో ఎవరో ఆధార్ కార్డు జిరాక్సులకి వస్తే తీసిచ్చి మళ్లీ వచ్చేది. వేళ్లు ఆగిన చోటునుంచే మొదలుపెట్టేవి. మూడో పేజీలో ఆ వాక్యం వచ్చింది. చదివి, ఆగి, నవ్వింది. "ఇదొకటి నాది మేడమ్. మీది వేరేలా ఉండేది" అంది.

వేళాకోళం అనుకున్నాను. కాదు. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను: "మీరు రాసింది నాలుగుసార్లు కొట్టాను, ఏమీ అర్థం కాలేదు. అర్థం కాకుండా కొడితే తప్పులు పడతాయి. అందుకని అర్థమయ్యేట్టు కొట్టాను. ప్రూఫులో కొట్టేస్తారనుకున్నా. మీరు పక్కన టిక్కు పెట్టారు."

నేనేం చేశానో ఊహించు. వాదించాను. నీకు జ్ఞాపకం తప్పింది, అది నా వాక్యం, ఎలా పుట్టిందో కూడా నాకు గుర్తుంది అన్నాను. షాపులో ఇద్దరు తలెత్తి చూశారు. ఆమె ఒక్క మాట పెంచలేదు. "అయ్యుండొచ్చు మేడమ్" అని అద్దె ఒప్పందం వైపు తిరిగింది. వాదనలో ఎదుటివాళ్లు తగ్గితే నాకు ప్రాణం లేచొస్తుందని నీకు తెలుసు కదా. ఆరోజు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి నీ అల్లుడి మీద అరిచాను, ఇంకెవరూ లేరు కాబట్టి. ఆయన అంతా విని, స్టూలెక్కి అటకమీంచి ఒక మూట దించారు. పదేళ్ల కిందట పారేయమన్న నా చేతిరాత కాగితాలన్నీ సంవత్సరాల వారీగా కట్టిపెట్టుకున్నారు. ఆ వ్యాసం దొరికింది. ఆ వాక్యం ఉండాల్సిన చోట నా అక్షరాల్లో ఏముందో రాస్తున్నాను, చదువు: "గృహశ్రమ యొక్క సామాజిక విలువ, దాని ఉపసంహరణ ద్వారా మాత్రమే దృగ్గోచరమవుతుంది." ఆయన రెండుసార్లు పైకి చదివి, "దీనర్థం ఏంటి?" అన్నారు. ఈ ఏడాదిలో ఆయనంతట ఆయన అడిగిన మొదటి ప్రశ్న.

ఆ ఒక్క వాక్యమే అయితే ఏదో ఒకటి సర్దిచెప్పుకునేదాన్ని. టకటక చెప్పగా రాసుకున్నదీ, నా చేతిరాతా పక్కపక్కన పెట్టి చూశాం. ఏడుచోట్ల తేడా ఉంది. జనం పనిగట్టుకుని చెప్పి మెచ్చుకున్నది ఆ ఏడు చోట్లే.

అమ్మా, అసలు చెప్పాల్సింది ఇంకా చెప్పలేదు. బడి వరండా ఊడుస్తున్న నిన్ను చూస్తుంటే నాకా వాక్యం తట్టిందని నలభై సభల్లో చెప్పాను. ఒక సభలో నువ్వు ముందు వరసలో ఉన్నావు. అందరూ నీవైపు తిరిగి చప్పట్లు కొట్టారు, నువ్వు కళ్లు తుడుచుకున్నావు. ఆ తర్వాత నీ వీధిలో అందరికీ, మా పెద్దది నన్ను చూసే రాసిందని చెప్పుకున్నావు. పుస్తకం ముందుమాటలో రెండు పేజీలు అదే. అది నిజం కాదు. నేను కావాలని అబద్ధమాడలేదు, నాకు భయం వేస్తున్నది అందుకే. ఆ వరండా నాకు గుర్తుంది. చీపురు చప్పుడు, సుద్దపొడి, వంగిన నీ నడుము, అన్నీ గుర్తున్నాయి, అన్నీ జరిగినవే. వాక్యం చేతికొచ్చాక నిన్ను పిలుచుకొచ్చి దాని పక్కన నిలబెట్టాను. నిలబెట్టినట్టు నాకే తెలియలేదు. ఇన్నేళ్లూ నమ్మాను.

ఇంకా సిగ్గుపడాల్సింది ఉంది. చేతిరాత ఒక్క కాగితం. టకటక తనే "అయ్యుండొచ్చు" అంది. నీ అల్లుడు నోరు విప్పరు. ఆ కాగితం మడిచి స్టవ్ దగ్గరదాకా వెళ్లానమ్మా. నేను, ఇన్నేళ్లు ఇంత మాట్లాడినదాన్ని. ఆయన వంటగది గుమ్మంలో నిలబడి, "పదేళ్లు దాచింది నేను. ఏం చేయాలన్నా నన్నడుగు" అన్నారు. అగ్గిపెట్టె కింద పెట్టేశాను.

నిన్న మళ్లీ జిరాక్స్ షాపుకి వెళ్లాను. ఈసారి వాదించలేదు. ఆ వాక్యం నీకెలా తట్టిందని అడిగాను.

ఆమె పేపర్లు సర్దుతూనే చెప్పింది. "మీకు గుర్తుండదు మేడమ్. జ్వరమొచ్చి మూడ్రోజులు రాలేదు. మూడోరోజు మీరు మా పక్కింటికి ఫోన్ చేసి పిలిపించారు. ఎలా ఉందని అడుగుతారనుకున్నా. చీపురు ఎక్కడుందని అడిగారు. ఆ వారమే ఈ వ్యాసం కొట్టాల్సొచ్చింది."

నాకు నిజంగానే గుర్తులేదు. పంతొమ్మిదేళ్లు ఆమె రోజూ అరగంట ముందొచ్చి ఆఫీసు ఊడ్చేదట. ఊడవమని నేను చెప్పలేదు. నీ పని కాదనీ చెప్పలేదు. మన ఆఫీసు శుభ్రంగా ఉంటుందని వచ్చినవాళ్లందరి దగ్గరా గొప్పలు చెప్పుకున్నాను.

ముందుమాట తీసేస్తున్నాననీ, ఆ వాక్యం ఎవరిదో మొదటి పేజీలోనే అచ్చువేస్తాననీ చెప్పాను. పూర్తి పేరు ఎలా రాయాలని అడిగాను. ఆమె ఇంటిపేరు నాకు తెలియదని అప్పుడే తెలిసింది. జిరాక్స్ కాగితం వెనక రాసిచ్చి, తప్పులు లేకుండా వేయమంది. పనిలోకి తిరిగి రమ్మని అడిగాను. ఆమె కొత్త సిస్టమ్‌లో మీటల వరస మారి ఉంటుంది కదా అంది, మారిందన్నాను.

"వేళ్లకి పదిరోజులు పడుతుంది మేడమ్. సోమవారం నుంచి వస్తాను. కానీ ఊడవను."

నీ గురించి రాసిన రెండు పేజీలూ పోయాయమ్మా. మీ వీధిలో ఏం చెబుతావో, నన్ను ఏమంటావో నీ ఇష్టం. ఒక్కటి మాత్రం అడగాలి. ఆ వరండా ఊడుస్తున్నప్పుడు నువ్వు ఏమనుకునేదానివో ఇన్నేళ్లలో ఒక్కసారీ నిన్ను అడగలేదు, నీ బదులు నేనే చెప్పేశాను. నువ్వు రాయి. నీ మాటల్లోనే, ఎలా ఉంటే అలా. ఒక్క అక్షరం దిద్దను.

ఇట్లు,
ఆఫీసు చీపురు తలుపు వెనకాల ఉంటుందని నిన్ననే తెలుసుకున్న
నీ పెద్దమ్మాయి