మేనేజరు గారి ఎడమ కిడ్నీ, తదితర ఆస్తులు

వయసు ఇరవై నాలుగేళ్ళ మూడు నెలలు. చదువు డిగ్రీ, అదీ రెండో దండయాత్రలో. వృత్తి, రక్తపరీక్షల ల్యాబులో శాంపిళ్ళు మోయడం. ప్రస్తుత నివాసం ఆసుపత్రి మూడో అంతస్తు, మగవాళ్ళ వార్డు, కిటికీ పక్క మంచం. ఈ వివరాలు గల నేను, రేపు ఉదయం ఎనిమిదింటికి నా ఒంట్లోంచి ఒక భాగం తీసి మా అక్కకు అమర్చబోతున్నారు కనుక, కోసేవాళ్ళు ఎంత నేర్పరులైనా పోయేవాడు పోతూనే ఉంటాడు కనుక, తెలివి, జ్ఞాపకం, ఆకలి మూడూ సక్రమంగా ఉండగానే, ఎవరి ఒత్తిడీ బుజ్జగింపూ లేకుండా ఈ వీలునామా స్వహస్తంతో రాస్తున్నాను. నా బుర్ర సరిగ్గానే పనిచేస్తోందని పొద్దున మానసిక వైద్యురాలు గంటసేపు ప్రశ్నలడిగి కాగితం మీద ధ్రువీకరించారు. మా బావ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, నమ్మకం కుదరనట్టు నా ముఖం చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంతకుముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాసేంత ఆస్తి ఇప్పుడూ లేదు. ఉన్నంతలో పంపకం ఈ విధంగా:

ఒకటి. ఎడమ కిడ్నీ, మా అక్కకు. ఇది రేపు నా కళ్ళెదుటే, అంటే నా కళ్ళు మూసి ఉండగానే, చేతులు మారుతుంది. వీలునామాలో ఎక్కించాల్సిన పనిలేదు. కానీ నా ఆస్తిలో విలువైనది అదొక్కటే, దానితో మొదలుపెడితే జాబితాకు కాస్త పరువుంటుంది. ‘దాన వినిమయ విక్రయాది సర్వహక్కులతో’ అని రాయబోయి ఆగాను, విక్రయం నేరమట. కాబట్టి అనుభవించే హక్కు మాత్రమే ఇస్తున్నాను. బడిపిల్లల యూనిఫాంలు కుట్టే షాపులో మెషీను ముందు కూర్చుంటే మా అక్కకు నీళ్ళు తాగడం గుర్తుండదు. నా కిడ్నీ గారాబంగా పెరిగింది. గంటకో గ్లాసు పోయకపోతే అలుగుతుంది.

ఈ దానం వల్ల నాకు వార్డులో పెద్ద పేరొచ్చింది. పక్క మంచం పెద్దాయన చూడ్డానికి వచ్చిన వాళ్ళందరికీ నన్ను చూపించి, తోడబుట్టినవాడంటే అలా ఉండాలి అంటున్నాడు. నాకు దాహం వేయకపోయినా లేచి నీళ్ళ కూజా దగ్గరికి పోతున్నాను. ఎందుకో ఐదో అంశంలో ఉంది.

రెండు. నా భుజం సంచి, దాని జిప్పు పాడైన అరతో సహా, ఎనిమిదేళ్ళ మేనకోడలికి. చంద్రుడి మీద నాకు రెండు గదుల ఇల్లు ఉందని, ప్రస్తుతం అద్దెకిచ్చానని దానికి చెప్పి ఉన్నాను. అది నమ్మింది. ఆ ఇల్లు కూడా దానికే. అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించే బాధ్యత దానిదే.

మూడు. నా జోకులన్నీ బావకు. తొమ్మిదేళ్ళలో ఒక్కదానికీ నవ్వలేదు కాబట్టి అన్నీ వాడని సరుకే. ఒకసారి చుట్టాల ముందు, వీడికి నోరొక్కటే స్థిరాస్తి అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను. అయితే బావ లిఫ్టులు బాగుచేసే మనిషి. మా భవనంలో లిఫ్టు లేదు. అక్కకు రక్తం శుద్ధి చేయించడం మొదలైనప్పటి నుంచి వారానికి రెండుసార్లు ఆమెను వీపున వేసుకుని నాలుగు అంతస్తులు ఎక్కాడు. మూడో మలుపులో ఆగి, షూ లేసు ఊడిందని అబద్ధమాడి ఊపిరి పీల్చుకునేవాడు. ఆయన వేసుకునేది చెప్పులు. ఆ ఒక్క అబద్ధానికి నేను ఆడినవన్నీ దిగదుడుపు. పైన పేర్కొన్న పగను రద్దు చేస్తున్నాను.

నాలుగు. నా నల్ల గొడుగు, వీధి మొదట్లో మందుల షాపాయనకు. అక్క రెండు మాత్రలో మూడో అడిగితే, ఎందుకమ్మా అని అడక్కుండా కత్తెరతో అట్ట కత్తిరించి ఇచ్చేవాడు. అలా అడక్కపోవడం ఎంత మర్యాదో నాకు తర్వాత తెలిసింది. అక్క ఆ మాత్రను ఇంటికి తెచ్చి, బట్ట కత్తిరించినంత నిక్కచ్చిగా మధ్యకు విరిచేది. ఒక సగం ఈరోజుకు, ఒక సగం ఎల్లుండికి. వేలికంటిన తెల్లపొడిని కూడా నాకేది. అది రోజుకొకటి మింగవలసిన మాత్ర.

నా ఉద్యోగంలో ఇదే చూస్తుంటాను. డాక్టరు ఐదు పరీక్షలు రాసిస్తాడు. ఇళ్ళకు వెళ్ళి రక్తం తెచ్చేటప్పుడు జనం ఆ చీటీ నా చేతికిచ్చి, ఇందులో ముఖ్యమైనది ఏదో చెప్పు బాబూ, అదొక్కటి చేయిద్దాం అంటారు. నేను సీసాలు మోసేవాణ్ణి. నన్ను అడుగుతారు. ఒకావిడైతే, నీకు తెలియకపోతే పోనీ, అన్నిటికంటే చవకైనది చెప్పు అంది.

ఐదు. ఆరోగ్య కార్డుల కౌంటరులో కూర్చునే ఉద్యోగినికి నా క్షమాపణ, రెండున్నరేళ్ళుగా మా ఇంట్లో ఆమెకు తగిలిన శాపనార్థాలు మొత్తం వాపసు. మా ఇంట్లో ఆమె పేరు రబ్బరుముద్ర. పెట్టింది నేనే.

రెండున్నరేళ్ళ కిందట అక్కకు కాళ్ళు వాచాయి. ఉచిత వైద్య శిబిరంలో చూసిన డాక్టరు, కిడ్నీలు ఇప్పుడిప్పుడే దెబ్బతింటున్నాయి, నెలనెలా పరీక్ష, రోజూ మందు, ఈ రెండూ తప్పకపోతే చాలా ఏళ్ళు నెట్టుకురావచ్చు అన్నాడు. తక్కువ ఆదాయం వాళ్ళకు కార్డుంటే రెండూ ఉచితమే. దరఖాస్తు పెట్టడానికి అక్క ఒకపూట పని మానలేదు, చదువుకున్న తమ్ముణ్ణి పంపింది.

అప్పటికి నాకు డిగ్రీ చేతికొచ్చి నాలుగు నెలలు. ఒక కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్ళొచ్చాను. కబురు చేస్తామన్నారు. ఆ కబురు రాకముందే నన్ను మేనేజరుగా తీసుకున్నారని వీధంతా చెప్పేశాను. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం. కౌంటరు వరసలో నా వెనకే ఇంటి ఓనరు, ఆయన వెనక కిరాణా షాపావిడ, ఇద్దరూ నా మెడ మీదుగా తొంగి చూస్తున్నారు. దరఖాస్తులో ‘ఇంట్లో సంపాదించేవారు’ అని ఒక గడి. అక్క, బావ పేర్లు రాసి అక్కడితో ఆపాల్సింది. నా పేరు కూడా రాశాను. వృత్తి, మేనేజరు. జీతం, నోటికొచ్చినంత.

ఆ ఉద్యోగిని కాగితం చూసి, నన్ను చూసి, గొంతు తగ్గించింది. “బాబూ, ఈ గడి ఇంకోసారి చూసుకోండి. జీతం చేతికి రావట్లేదంటే రాయకండి. లేదని రాసినా తప్పేం లేదు.”

నేను వరస చివరిదాకా వినపడేట్టు, “మేనేజరనే ఉంచండి మేడమ్, జీతం ఇంకా పెరుగుద్ది కూడా” అన్నాను. వెనక నవ్వారు. ఓనరు వీపు తట్టాడు. ఆమె ముద్ర వేసింది.

ఐదు వారాలకు ఇంగ్లీషులో ఉత్తరం వచ్చింది. మా ఇంటి ఆదాయం పరిమితి దాటిందని, కార్డు ఇవ్వలేమని. కింద ఇంకో రెండు పంక్తులున్నాయి. ఆదాయం తప్పుగా రాసి ఉంటే, రాసిన ఉద్యోగం నిజం కాదని ఇరుగుపొరుగులో ఇద్దరి సంతకాలతో పత్రం తెస్తే సరిచేస్తారట. అక్క ఎదురుగా కూర్చుని ఏముందని అడిగింది. ఆ కౌంటరావిడ తన మనుషులకే ఇచ్చుకుంటోందక్కా, మనల్ని కావాలని తప్పించింది అన్నాను. అక్క వెంటనే నమ్మింది. నేను చెప్పేవాటిని నవ్వుతూ కొట్టిపారేసే మనిషి, ఆ ఒక్కటీ నమ్మింది. తర్వాత ఒకనాడు ఆవిడ తన కూతురి యూనిఫాం కుట్టించడానికి షాపుకొస్తే, తీరిక లేదని అక్క తలెత్తకుండా చెప్పింది. ఆవిడ బట్ట మడుచుకుని వెళ్ళిపోయింది. నేను అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను.

కంపెనీ నుంచి కబురు రాలేదు. పదినెలలకు ల్యాబులో చేరాను. రెండు సంతకాలు మాత్రం అడగలేదు. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ పద్నాలుగు నెలలు. ఒకరోజు నా పెట్టెలో నేనే మోసుకెళ్ళిన సీసాల్లో మా అక్కది ఒకటి ఉంది. రిపోర్టు అందరికంటే ముందు చూసింది నేనే. అంకెల అర్థం తెలిసేంత అనుభవం అప్పటికి వచ్చేసింది.

ఆ సాయంత్రమే పత్రం పట్టుకుని ఓనరు దగ్గరికి పరిగెత్తాను. ఆయన, కిరాణా షాపావిడ సంతకాలు పెట్టడానికి సగం కప్పు టీ తాగేంత సమయం కూడా పట్టలేదు. “పదింటిదాకా పడుకునే మేనేజరు ఎక్కడుంటాడయ్యా. మాకు ఎప్పుడో తెలుసు” అన్నాడు ఓనరు, కలం మూత పెడుతూ. ఆయన గొంతులో వెటకారం కూడా లేదు.

మూడు వారాల్లో కార్డు వచ్చింది. మాత్రలు కావలసినప్పుడు లేని కార్డు, ఇప్పుడు ఇంత పెద్ద ఆపరేషన్ ఖర్చు భరిస్తోంది. కార్డు ముందే ఉన్నా కిడ్నీలు నిలిచేవని కచ్చితంగా చెప్పలేమని డాక్టరు అన్నారు. ఆ మాట పట్టుకుని వేలాడదామని చాలా ప్రయత్నించాను. నా బరువుకు ఆగలేదు.

ఆరు. పై ఉత్తరం అసలు ప్రతి నా డిగ్రీ పట్టా కవరులో, పట్టా వెనక ఉంది. అది అక్కకు. పట్టా ఎవరికీ అక్కర్లేదు.

ఏడు. నా చొక్కాలు ఎవరికి పడితే వాళ్ళకు. నీలం గళ్ళ చొక్కా తప్ప. అది అక్క కుట్టింది, ఇంటర్వ్యూ కోసం. దాన్ని నాతోనే పంపండి.

ఎనిమిది, చివరిది. దీని అమలు బాధ్యత సెల్‌ఫోన్లు బాగుచేసే నా స్నేహితుడు సైలెన్సర్‌కు అప్పగిస్తున్నాను. వాడి కడుపులో మాట నిలవదని ఊరందరికీ తెలుసు. తెలిసే వాణ్ణి ఎంచుకున్నాను.

రాసినవాడు పోయాకే వీలునామా చెల్లుతుందని చట్టం. ఇది నేను బతికినా చెల్లాలి. ఒరేయ్, అక్క లేచి దిండుకు ఆనుకుని కూర్చోగలిగిన రోజున ఈ కాగితం ఆమె చేతిలో పెట్టు. అంతకుముందు మాత్రం వద్దు. ముందే తెలిస్తే ఆ కిడ్నీ నాకొద్దు పొమ్మంటుంది, ఆమె మొండితనం నీకు తెలియంది కాదు. ఒకసారి కుట్టేశాక విప్పమనదు, అది ఆమె వృత్తికే అవమానం.

మత్తు దిగగానే నేను చేసే మొదటి పని ఈ కాగితం వెనక్కి అడగడం. నా సంగతి నాకు తెలుసు. భయంలో ఏదో రాశానంటాను, జోకన్నది అర్థం చేసుకోవేంట్రా అంటాను, అవసరమైతే ఏడుస్తాను కూడా. ఇవ్వొద్దు.

అక్క చదివాక తిడితే ఎవరూ అడ్డు రావద్దు. కొడితే కుడివైపు కొట్టమనండి, ఎడమవైపు కుట్లుంటాయి. ఏమీ అనకుండా గోడవైపు తిరిగి పడుకుంటే, సర్దిచెప్పడానికి బావతో సహా ఎవరూ పూనుకోవద్దు. ఆ మంచం పక్కన ఒక కుర్చీ వేసి, నన్ను అందులో కూర్చోబెట్టి వెళ్ళిపోండి. ఆమె ఇటు తిరిగేదాకా కూర్చుంటాను.

బతికుంటే.

తేదీ: పదకొండు, మంగళవారం, సాయంత్రం నాలుగున్నర.

(సంతకం) అక్కకు తమ్ముడు

సాక్షులు (వీరికి ఇందులో చిల్లిగవ్వ కూడా రాసివ్వలేదు):
1. పక్క మంచం పెద్దాయన. సంతకం పెట్టాడు, లోపల ఏముందో చదవలేదు.
2. సాయంత్రం డ్యూటీ నర్సు. మొత్తం చదివింది. కలం తిరిగిచ్చి, అర్ధరాత్రి దాటాక నీళ్ళు కూడా తాగకూడదని చెప్పి వెళ్ళింది.