ఎడమ నుంచి చదివిన దయ్యాల పుస్తకం

లతా, పప్పుచారు గిన్నెల ఉంది, వేడి చేసుకొని తిను. ఈ పూట దవాఖానకు నేను పోతున్న, నువ్వు జర పడుకో.

దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద మీరిద్దరు కొన్న దయ్యాల బొమ్మల పుస్తకం ఇయ్యాల గూడ తీస్కపోతున్న. అట్టలోపల నీ పేరు, తరుణ్ పేరు పక్కపక్కన చూసిన. ఉట్టి దోస్తే అంటివి. నాకన్న చెప్పకపోతివి.

బండి మీదికెల్లి పడి అయిదు దినాలైనా తరుణ్ కండ్లు తెరుస్తలేడు. అందుకే నిన్న పక్కన కూసొని ఈ పుస్తకం చదివి వినిపిచ్చిన. కథల దయ్యం చేతిల సచ్చిన పోరగాడు లేచి కూసున్నడు, దెబ్బలన్నీ మానినయ్, దోస్తులంత నవ్వుకుంట ఇంటికి పోయిండ్రు.

– అమ్మ

మరిచిన. ఇది జపాన్ పుస్తకమంట, కుడి నుంచి చదవాలంట, నేను ఎడమ నుంచి, ఆఖరు పేజీతోని మొదలువెట్టిన అని నర్సమ్మ చెప్పింది. ఇయ్యాల గూడ ఎడమ నుంచే చదువుతా.