బావి కోసం ఆపిన దీవెన

1983, ఎండాకాలం. శనివారం రాత్రి, వరంగల్.

సబ్బుతో ఎంత తోమినా చేతుల బురద వాసన పోలేదు. ఉండనీ, ఈ రోజుకు ఇదే నా అత్తరు.

పొద్దున మా బజారు సేటు కొత్త బట్టల దుకాణం తెరుస్తుంటే నేనూ, మా గురువు శాంతమ్మా దీవించడానికి వెళ్లాం. మా హిజ్రాల దీవెన అందనిదే ఈ బజారులో ఎవరూ బేరం మొదలుపెట్టరు. సేటు పళ్లెంలో చీర, పసుపు కుంకుమలు పెట్టి తల వంచాడు. శాంతమ్మ పళ్లెం ముట్టలేదు.

"సేటూ, నీ పాత దుకాణం చెత్తంత మా గల్లి బావిల ఏపిస్తానవ్. ముందుగాల అది తీపియ్యి. గప్పుడు దీవిస్త."

"అమ్మా, ముహూర్తం దాటిపోతాంది!"

"పోనియ్యి."

బజారంతా పగలబడి నవ్వింది. సేటు మొహం ఎర్రబడింది. అయినా దీవెన లేకుండా తెరిచే ధైర్యం చాల్లేదు, హమాలీలను గంపలతో పంపాడు. మేమూ చీరలు బిగించి, చెత్తతో పూడి ఎండిన ఆ బావిలో దిగాం. అట్టపెట్టెలు, గుడ్డపీలికలు, కుళ్లిన గడ్డి... ఎంత తోడినా తరగలేదు. దీపాలు పెట్టే వేళకు నా కాలి కింద చల్లగా ఊట తగిలింది. నేను అరిచిన అరుపుకు గల్లీ అంతా, సేటుతో సహా, బావి చుట్టూ చేరింది. శాంతమ్మ ఒడ్డుకెక్కి చప్పట్లు చరిచింది.

"నీళ్లు పడ్డయ్ సేటూ! గిదే నీ ముహూర్తం. పో, దుకాణం తెరువు!"

పడుకుందామంటే ఒక్కటే దిగులు. కిందటేడు నల్లా దగ్గర పక్కింటి లచ్చవ్వ మా బిందెను వరసలోంచి తోసేసింది. రేపు బావి దగ్గరా తోస్తుందా?

తోస్తే తోయనీ. వచ్చే నెలే ఆమె కొడుకు పెళ్లి. దీవించాల్సింది మేమే.