పెట్టె అదురు

అన్నయ్యా,

మొన్న నీ సంవత్సరీకాలు అయ్యాయి. ఇవాళ నీ కంప్యూటర్ ఆన్ చేస్తే ఒకటే రొద. వదిన వంటింట్లోంచి వచ్చి, "ఏటమ్మా, పెట్టి ఇలాగ గురగురలాడతన్నాది? మీ అన్నయ్య వింటే ఊరుకుంటారేటి?" అంది.

ఆపేసి మూత విప్పాను. ఫ్యాను అదురు పెట్టెకు ఎక్కకుండా, నీ ఫిడేలు పాఠాల రికార్డింగులో వినబడకుండా, మరలు తీసేసి నువ్వు పెట్టుకున్న రబ్బరు మేకులు ఎండి బిగుసుకుపోయాయి. లాగితే తెగాయి. మిగిలిన ముక్కల్ని బ్లేడుతో కోసి తీశాను.

బజారుకెళ్లి కొత్తవి తెచ్చాను. రబ్బరు తోకను కన్నంలో దూర్చి, దాని బుడిపె అవతలికి వచ్చేదాకా లాగాలి. వేళ్లు జారిపోతుంటే నీలాగే, కమానుకు రుద్దే రోజిన్ కాస్త రాసుకున్నాను. పట్టు దొరికింది. బయటికి మిగిలిన తోకలు కోయలేదు. కోస్తే మళ్లీ విప్పి పెట్టుకోవడానికి పట్టు ఉండదని నువ్వే అనేవాడివి.

ఇప్పుడు ఫ్యాను తిరుగుతోందో లేదో తొంగిచూస్తే గాని తెలియడం లేదు. వదిన నీ పాఠం ఏదైనా పెట్టమంది. చేతికి తగిలింది రబ్బరు మేకులు పెట్టకముందుది, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రికార్డు చేసినది. అందులో శ్రుతి చూసుకుంటూ మధ్యలో ఆగి, నాతో అన్నావు:

"ఒసే, ఆ పెట్టి మీద సెయ్యెయ్యే, అదురుతన్నాది."

ఇవాళా చెయ్యి వేశాను. కింద ఏ అదురూ లేదు. పాఠం అయ్యేదాకా తీయలేదు.